ఎఫీ రాసిన సంతాపం

సముద్రం ఒడ్డున ఉన్న మా గని ఊరు గ్లేస్ బేలో పేపరు ఎవరూ మొదటి పేజీ నుంచి చదవరు. ప్రధానమంత్రి ఎవరైతే మాకేం, బొగ్గు గనులు ఎటూ మూసేశారు. చివరి పేజీ తిప్పితే చావు కబుర్లుంటాయి. ఎవడు పోయాడు, ఏ చర్చిలో, ఎన్ని గంటలకి. అది చూసుకున్నాకే పొయ్యి మీద కెటిల్ పెట్టడం. అలాంటిది ఒక సెప్టెంబరులో పేపరువాళ్ళు మూల మీద చిన్న అక్షరాల్లో ఒక ముక్క వేశారు. ఇకమీదట చావు కబుర్లు కాగితం మీద రావు, ఇంటర్నెట్‌లో చూసుకోండి అని. బతికున్నన్నాళ్ళూ కంప్యూటర్ మొహం చూడనివాళ్ళంతా చచ్చాక అందులోకి కాపురం మార్చేశారన్నమాట.

మిగతావాళ్ళం గొణుక్కుని ఊరుకున్నాం. ఎఫీ బీటన్ ఊరుకోలేదు.

ఎఫీ, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. తర్వాత నేను గనిలోకి దిగాను, తను చేపల ఫ్యాక్టరీలో చేరి జీవితమంతా కాడ్ చేపల తలలు నరికింది. ఆ అలవాటు మాటల్లోకీ వచ్చేసింది. రిటైరయ్యాక మా చర్చిలో అంత్యక్రియల భోజనాల పెత్తనం పుచ్చుకుంది. శవాన్ని పూడ్చి వచ్చినవాళ్ళకి కింద హాల్లో గుడ్డు శాండ్‌విచ్‌లు, ఖర్జూరం టార్టులు, టీ. పోయినవాడి మొహం ఒకసారి తలుచుకుని, ఇంతమంది వస్తారు, శాండ్‌విచ్‌లకి ఇన్ని రొట్టెలు కోస్తే చాలు అని తేల్చేసేది. ఒక్క శాండ్‌విచ్ మిగిలేది కాదు, ఒక్కటి తక్కువ పడేది కాదు. మనిషి విలువ దేవుడు తరవాత తూస్తాడేమో గానీ, మా ఊళ్ళో ముందు ఎఫీ తూచేది.

పేపరు చేతులెత్తేశాక వచ్చిన మొదటి చావు డాన్ రోరీ అనే పెద్దాయనది. ఎఫీకి కబురే అందలేదు. చుట్టాలు శ్మశానంలో చలికి వణికి, హాలుకొచ్చి తలుపు లాగితే తాళం. ఇళ్ళకి పోయి సూప్ డబ్బాలు తెరుచుకున్నారట పాపం.

మర్నాడు ఎఫీ ఫాదర్ మీదకి వెళ్ళింది. "ఒక కాథలిక్కుని శాండ్‌విచ్ లేకుండా పూడ్చారు ఫాదర్ ఈ ఊళ్ళో. ఇంతకంటే ప్రళయం ఏం రావాలి?"

"వెబ్‌సైట్‌లో వేశారు కదా ఎఫీ," అన్నాడాయన.

"అయితే ఆ సైట్‌కే పోయి తినమనండి."

ఫాదర్ మంచివాడు, అంటే భయస్తుడు. ఎవరో వదిలించుకున్న పాత కంప్యూటర్లు నాలుగు తెప్పించి హాల్లో పెట్టించాడు. నేర్పడానికి సిస్టర్ ఇమెల్డాని పిలిచాడు. మూడో క్లాసులో నాకూ ఎఫీకీ వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టి ఎక్కాలు నేర్పినావిడ. ఆవిడ ఎప్పుడో పోయిందనుకున్నాం. చూస్తే నిటారుగా నడుచుకుంటూ వచ్చింది, చేతిలో స్కేలుతో సహా. కాన్వెంటు మూసేసేదాకా వాళ్ళ జమాఖర్చులన్నీ కంప్యూటర్ మీద ఆవిడే చూసేదట.

"కూర్చోండి. ఆన్సెల్మ్, నోట్లో చూయింగ్ గమ్ ఉమ్మెయ్," అంది. అవి నా కట్టుడు పళ్ళు సిస్టర్ అని చెప్పడానికి కూడా నోరు రాలేదు.

మొదటి వారాలు మౌస్‌తోనే సరిపోయింది. అది ఎడమకి తిప్పితే బాణం కుడికి పోతుందని ఎఫీ గొడవ. మౌస్ తలకిందులుగా పట్టుకుందని సిస్టర్ స్కేలుతో చూపించింది. నా వేళ్ళు బొగ్గు తవ్విన వేళ్ళు, ఒక అక్షరం నొక్కితే మూడు పడేవి. చివరికి పెన్సిల్ తిరగేసి, రబ్బరు వైపుతో పొడవడం నేర్చుకున్నాను. మా ఆవిడ క్లోటిల్డా మాత్రం చక్కగా నేర్చుకుంది. వంట బాగా వచ్చినవాళ్ళకి ఏదైనా వస్తుంది అంది సిస్టర్. ఇంట్లో ఆవిడ వంట తినేది నేను కాబట్టి ఆ మాట మీద నేనేం అనలేదు.

పాస్‌వర్డ్ పెట్టుకోమన్న రోజు నాకు ఆపద ముంచుకొచ్చింది. ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని బిషప్ గురించి ఒక మాట పెట్టుకున్నాను, గని మనుషులు వాడే మాట. మర్నాటికి అది లోపలికి రానివ్వనంది. సిస్టర్ నా భుజం వెనక నిలబడి, "ఏం పెట్టావు?" అంది.

"మర్చిపోయా సిస్టర్."

"అబద్ధం. చెప్పు."

చెప్పాను. ఎఫీ మొహం కీబోర్డ్‌లో దాచుకుంది, దాంతో దాని స్క్రీన్ నిండా జె లు పడ్డాయి. సిస్టర్ కనురెప్ప కదపకుండా ముందుకి వంగి ఆ మాట తనే టైపు కొట్టింది. తలుపు తెరుచుకుంది. "ఎలాంటి మాటైనా సరే ఆన్సెల్మ్, బిషప్‌కి పెద్దక్షరం పెట్టాలి. నిన్న పెట్టావు, ఇవాళ మర్చిపోయావు," అంది.

నవంబరు నాటికి ఎఫీ, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళ పేజీ తనంతట తను తెరిచి చావులు చదువుకునే స్థాయికి వచ్చింది. ఆ పేజీలో పోయినవాడి ఫోటో, కింద చరిత్ర, దాని కింద ఒక ఖాళీ పెట్టె. అందులో ఎవరైనా సంతాపం రాయొచ్చు. అందరూ ఒకటే రాసేవాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, మంచి మనిషి, తీరని లోటు, ఆత్మకి శాంతి.

సరిగ్గా ఆ వారంలో లాకీ పీట్రీ పోయాడు.

లాకీ పేరు వినగానే మా ఊళ్ళో ఎవడైనా ముందు తన జేబు తడుముకుంటాడు. దొంగ అని కాదు. అడిగి తీసుకునేవాడు, తిరిగివ్వడం మాత్రం వాళ్ళ వంశంలోనే లేదు. సుత్తి, నిచ్చెన, గడ్డి కోసే మిషను, ఒకసారి అయితే నిండు గర్భంతో ఉన్న కుక్క. మా ఊరి పేకాట తారబిష్‌లో దొంగాట ఆడేవాడు. చర్చి క్వయిర్‌లో వెనక వరసలో నిలబడి అందరి పాటనీ ఒక్కడే ముంచేసేవాడు. అయినా ఎదురొస్తే నవ్వకుండా ఉండలేం, అలాంటి మొహం.

ఆ రోజు క్లాసులో పాఠం ఈమెయిల్. తెలిసినవాళ్ళకి ఒకటి రాసి పంపండి అంది సిస్టర్. మోకాలి నొప్పితో క్లోటిల్డా ఇంట్లో ఉండిపోయింది, అందుకని ఎఫీ క్లోటిల్డాకే రాస్తానంది. ఎఫీ స్క్రీన్ మీద మెయిలూ ఉంది, దాని పైన లాకీ పేజీ కూడా తెరిచి ఉంది. ఈలోగా ఫాదర్ ఏదో అడగడానికి సిస్టర్‌ని బయటికి పిలిచాడు. నేను నా పెన్సిల్‌తో కుస్తీ పడుతున్నాను. పక్కన ఎఫీ రెండు వేళ్ళతో టకటకా కొడుతూ, మధ్యలో తనలో తను నవ్వుకుంటూ, ఆఖరికి గట్టిగా ఒకటి నొక్కి, "పంపేశా!" అంది. నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే రొట్టె కోసం కొట్టుకి వెళ్ళాను. గల్లా దగ్గర కూర్చునే లావుపాటి గెయిల్ నన్ను చూసి మూతి బిగించుకుంది.

"ఎన్ని కావాలి ఆన్సెల్మ్? రెండు చాలా?"

"ఒకటే."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు, "చొక్కా చేతుల్లో పేకముక్కలేమన్నా ఉన్నాయేమో చూడండర్రా," అన్నాడు. నాకేం అర్థం కాలేదు. గెయిల్ జాలిపడి తన ఫోన్ నా ముందు పెట్టింది. లాకీ ఫోటో, చరిత్ర, తీరని లోటు, తీరని లోటు, ఆత్మకి శాంతి. ఆ కింద ఇది.

"క్లోటిల్డా, లాకీ పోయాడు. ఇక తారబిష్‌లో దొంగాట ఆడేవాడు ఊళ్ళో మీ ఆయన ఒక్కడే మిగిలాడు. క్వయిర్‌లో ఇన్నేళ్ళూ వాడి ముందు నిలబడి పాడాను, దూడ తోక తలుపులో పడ్డట్టుండేది ఆ గొంతు. పరలోకంలో దేవదూతల్ని వీణలు దాచుకోమని ఎవరైనా కబురంపితే బాగుండు, అరువడుగుతాడు. వాడికి సూటు తొడుగుతారట. పెళ్ళికే అరువు సూటు వేసుకున్నవాడికి ఇప్పుడెందుకు? ఇన్నాళ్ళూ వాడితో స్టెల్లా ఎలా వేగిందో. నా నిచ్చెన వాడి షెడ్‌లోనే ఉంది, ఏడుపులు తగ్గాక అడుగుదాం. గుడ్లు నువ్వు ఉడకబెట్టు. పెద్దగా ఎవరూ రారు, రెండు రొట్టెలు చాలు. ఎఫీ."

రొట్టె అక్కడే వదిలేసి ఎఫీ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో కూర్చుని హాయిగా ఓట్‌కేక్ తింటోంది.

"నేను దొంగాట ఆడతానా?"

"క్లోటిల్డా చూపించేసిందా? దానికి ఒక్క మాట ఆగదు."

"క్లోటిల్డాకి ఏం రాలేదు. ఊరందరికీ వచ్చింది. నువ్వు రాసింది శవం పేజీలో, మహాతల్లీ!"

ఎఫీ ముఖం రంగు మారడం నేను చూడడం అదే మొదలు. "అక్కడ పెట్టె ఉంది, ఇక్కడ రాయండి అని ఉంది, రాశాను," అంది. తరవాత లాకీ పెళ్ళాం గుర్తొచ్చి, చాలా చిన్నగా, "స్టెల్లా చూసుంటుందా?" అంది.

సిస్టర్ దగ్గరికి పరిగెత్తాం, మా వయసులో దాన్ని పరుగంటే. సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. మళ్ళీ చదివింది.

"ఒక్క తప్పు లేదు. కామాలన్నీ సరిగ్గా పడ్డాయి. మూడో క్లాసులో ఎంత కొట్టినా రాలేదు నీకు."

"చెరిపెయ్యండి సిస్టర్, మీ కాళ్ళు పట్టుకుంటా."

"నా చేతిలో లేదు. ఒకసారి పంపాక నీ చేతిలో కూడా లేదు. అదే నిన్నటి పాఠం, నేను బయటికి వెళ్ళకపోతే చెప్పేదాన్ని."

ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి నవ్వాపుకుంటూ, కుటుంబం అడిగితేనే తీస్తామన్నాడు. అంటే స్టెల్లాని అడగాలి. మొగుడు చచ్చి పడి ఉంటే వెళ్ళి, అమ్మా, వాడిని నేను తిట్టిన తిట్లు కాస్త చెరిపించు అని అడగాలి.

నా ట్రక్కులో తీసుకెళ్ళాను. దొంగాటగాణ్ణి కదా, నా బండెందుకు ఎక్కుతావు అన్నాను. దారంతా కిక్కురుమనలేదు. అది చూసి నాకు భయం వేసింది, ఎఫీ నోరు మూసుకున్న ఇంట్లో ఎవరో ఒకరు పోతారంటారు.

స్టెల్లా పీట్రీ బక్కపలచని మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ విన్లేదు. లాకీ పక్కనుంటే ఇంకెవరికీ గొంతెత్తే అవసరం పడేది కాదు. తలుపు తనే తీసింది. వంటింటి బల్ల నిండా జనం తెచ్చిన కూరగిన్నెలు. మమ్మల్ని కూర్చోమంది. ఎఫీ కూర్చోలేదు.

"స్టెల్లా, నేను..."

"చదివాను."

"అది క్లోటిల్డాకి రాసింది. పెట్టె తప్పింది. నువ్వొక్క మాట ఫోన్‌లో చెబితే వాళ్ళు తీసేస్తారు. నన్ను చెప్పుతో కొట్టు, ముందు అది చెరిపించు."

స్టెల్లా ఒక గిన్నె మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టింది. "రెండు రొట్టెలా?" అంది.

ఎఫీకి అర్థం కాలేదు.

"లాకీకి రెండు రొట్టెలా? డాన్ రోరీ కబురు నీకు అంది ఉంటే వాడికే మూడు కోసేదానివి. వాడికి కుక్క కూడా పలికేది కాదు. నా మొగుడికి రెండా?"

"అంటే... నా లెక్కలో..."

"గొంతు గురించి రాశావు, నిజమే. నిచ్చెన నిజమే. పేకాట నిజమే. ఆన్సెల్మ్ సంగతి కూడా నిజమే." నేను నోరు తెరిచేలోగా తనే ఆపింది. "రెండు రొట్టెలు మాత్రం నేను పడను, ఎఫీ. వాడు అరువడగని ఇల్లు లేదు ఈ ఊళ్ళో. అడగడానికి ప్రతి ఇంటికీ వెళ్ళాలిగా? వెళ్ళి గంట కూర్చునేవాడు. ఎంతమంది వస్తారో నీకేం తెలుసు?"

"సరే, ఎక్కువే చేస్తాను. ముందు అది చెరిపించు."

"చెరిపించను."

"ఎందుకు?"

"పేజీ నిండా మంచి మనిషి, మంచి మనిషి అని రాశారు. పక్కింటివాళ్ళ కుక్క పోయినప్పుడు కూడా అదే అన్నారు. ఎవరి గురించో అనుకుని పేజీ పైకి పోయి ఫోటో చూసుకున్నాను, మావాడేనా అని. నీది చదివాక చూసుకోలేదు." బల్ల మీది కూరగిన్నెల్ని వరసలో సర్దడం మొదలెట్టింది. అవి వరసలోనే ఉన్నాయి. "ఉండనీ," అంది.

ఎఫీ అప్పుడు కూర్చుంది. నాకు టీ పోసేవాళ్ళు లేక నేనే పోసుకున్నాను.

ఆ పేజీ ఉండిపోయింది. ఒకళ్ళు దారి తెరిచాక ఇంకేముంది, దాని కింద జనం వరస కట్టారు. నా పెద్ద రెంచి కూడా అక్కడే ఉందని ఒకడు. క్వయిర్‌లో వాడి పక్కన నిలబడినందుకే నా ఎడమ చెవి పోయిందని ఒకడు. వాన పడుతుంటే నా గొడుగు తీసుకెళ్ళాడు, ఎండ వచ్చాక ఆ గొడుగునే నాకు అరువిచ్చాడు అని ఒకావిడ. తీరని లోటు అని రాసినవాళ్ళే మళ్ళీ వచ్చి అసలు సంగతి రాశారు.

అంత్యక్రియలకి చర్చి నిండిపోయింది. సగం మంది లాకీ కోసం, సగం మంది ఎఫీని స్టెల్లా ఏం చేస్తుందో చూద్దామని. ఫాదర్ ఆ పేజీ చదవలేదు, ఆయనకి అసలు సంగతి ఎప్పుడూ చివర్న తెలుస్తుంది. ప్రసంగంలో గొంతు బొంగురు చేసుకుని, "లాకీ సంగీత ప్రియుడు. దేవుడిచ్చిన గొంతుని మనందరితో పంచుకున్నాడు," అన్నాడు. క్వయిర్‌లో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఇంకొకరికి అంటుకుంది. నేను కళ్ళు నేలకేసి పెట్టి పళ్ళు బిగబట్టాను, పళ్ళు ఊడొస్తాయన్న భయం కూడా ఉంది. ఎవరు ముందు బయటపడతారా అని చూస్తుంటే, ముందు వరసలో నల్ల టోపీ పెట్టుకున్న స్టెల్లా భుజాలు ఊగాయి. పాపం ఏడుస్తోందనుకున్నారు వెనకవాళ్ళు. తల వెనక్కి వాల్చి ఫకాల్న నవ్వింది. అంత గొంతు ఆవిడలో ఉందని ఎవరికి తెలుసు? ఇక చర్చిలో నవ్వు ఆపుకున్నవాళ్ళు లేరు. ఫాదర్ తన ప్రసంగం ఇంత పండుతుందని అనుకోలేదేమో, సంతోషపడిపోయి ఇంకో పది నిమిషాలు లాగాడు.

ఎఫీ తన జన్మలో చెయ్యనన్ని శాండ్‌విచ్‌లు చేసింది. క్లోటిల్డాకి గుడ్లు వలిచి వలిచి వేళ్ళు తెల్లబడ్డాయి. అయినా టీ రెండో విడతకే పళ్ళేలు ఖాళీ. హాలు చివర జనం ఇంకా నిలబడే ఉన్నారు. ఎఫీ ఖాళీ పళ్ళెం పట్టుకుని స్టెల్లా ముందుకి వచ్చింది. ఊరంతా ఇటే తిరిగింది.

"లెక్క తప్పాను," అంది.

"తప్పావు," అంది స్టెల్లా. తన పళ్ళెంలో మిగిలిన సగం ముక్క ఎఫీ చేతిలో పెట్టింది. ఎఫీ నిలబడే తినేసింది.

ఆ సాయంత్రమే స్టెల్లా షెడ్ తాళం తీసింది. ఎవరిది వాళ్ళు పట్టుకుపోండి అంది. సుత్తులు, రంపాలు, మంచు పారలు, చర్చి వాళ్ళ పాటల పుస్తకాలు. తమది కానిదాన్ని పట్టుకుపోయినవాళ్ళు కూడా ఉంటారు, లాకీ ఉంటే మెచ్చుకునేవాడు. అంతా అయ్యాక షెడ్‌లో లాకీ సొంతమంటూ ఒక్కటే మిగిలింది, వాడి పేకదస్తా. నేను చూశాను. అందులో జాకీలు ఐదున్నాయి.

లాకీ తరవాత పోయినవాళ్ళ పేజీల విషయంలో ఫ్యూనరల్ హోమ్‌వాళ్ళు జాగ్రత్తపడ్డారు. ఇప్పుడు ఎవరేం రాసినా ముందు వాళ్ళు చదివి, తరవాతే పేజీలో పెడతారు. ఎఫీ దాన్ని అన్యాయమంటుంది. నన్ను మాత్రం ఇప్పటికీ కొట్టుకెళ్తే చొక్కా చేతులు దులిపి చూపించమంటున్నారు.

జనవరి మొదట్లో, మంచు గడ్డకట్టిన ఒక మధ్యాహ్నం, క్లాసు సగంలో ఉండగా హాలు తలుపు తెరుచుకుంది. స్టెల్లా. బూట్లు గుమ్మం దగ్గరే విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చింది. "ఆ పేజీలో రాయడం నేర్చుకోవాలి సిస్టర్," అంది.

"ఎవరికి జవాబు?" అంది సిస్టర్.

"జవాబు కాదు. తప్పులున్నాయి."

సిస్టర్ కుర్చీ చూపించింది. స్కేలుతో ఒక్కో అక్షరం చూపిస్తుంటే, స్టెల్లా చూపుడు వేలితో, ఉన్నిబంతి మీద సూది గుచ్చినట్టు, ఒక్కొక్కటే కొట్టింది. మేమంతా మా పనులు చేసుకుంటున్నట్టు నటిస్తూ మెడలు చాచి చూశాం. ఇలా రాసింది.

"పెళ్ళి సూటు అరువు తెచ్చింది కాదు. మా అన్న గదిలోంచి కాజేశాడు. మా అన్నకి ఇది తెలీదు. ఇప్పుడు తెలుస్తుంది."

ఎఫీ నవ్వబోయి ఆపుకుంది, ఎందుకంటే స్టెల్లా నవ్వడం లేదు. వేలు బటన్ మీద ఆగింది.

"ఇది నొక్కితే అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే," అంది సిస్టర్.

"తరవాత ఇంకోటి రాయొచ్చా?"

"ఎన్నైనా."

స్టెల్లా నొక్కింది. పెట్టె మళ్ళీ ఖాళీ అయింది. కాసేపు దానికేసి చూసి, రెండోది మొదలెట్టింది. నిద్రలో కూడా పాడేవాడు, అని కొట్టి, తరవాతి అక్షరం ఎక్కడుందో తెలీక వెతుక్కుంటోంది. ఎఫీ తన కుర్చీ బరబరా ఈడ్చుకుంటూ వెళ్ళి పక్కన కూర్చుని, ఆ అక్షరం ఎక్కడుందో చూపించింది.